తుపాకీకి కనబడని ఎలుక

కృష్ణా డెల్టాలో దివిసీమ వైపు ఒక వూరికి మేము వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. సార్వా వరి చిరుపొట్ట మీద వుంది. కౌలు రైతుల బాధలు కనుక్కుందామని మేము వెళ్ళాం. వూళ్ళో అడుగు పెట్టగానే ‘టప్’మని ఒక చప్పుడు వినబడింది. కాసేపాగి మళ్ళీ ‘టప్’. టపాకాయ కాదు, టైరు పగిలిన చప్పుడూ కాదు. ఏమిటని అడిగితే, వెంటవున్న వ్యవసాయ కార్మికుడు నవ్వి, ‘‘మా ఆసామి గారబ్బాయి ఎలుకల మీద యుద్ధం చేస్తున్నాడండీ. రండి చూపిస్తాను’’ అన్నాడు.

పెద్ద లోగిలి. వెనక దొడ్డి. దొడ్లో గడ్డివామి, కొబ్బరి చెట్లు, ఒక జామ చెట్టు. డాబా పిట్టగోడ పక్కన కుర్చీ వేసుకుని, పట్నంలో వుద్యోగం చేస్తున్న కుర్రాడు ఎయిర్‌గన్ పట్టుకుని కూర్చున్నాడు. దసరా సెలవులకు వచ్చాడట. వామి కింద ఎలుకలు చేరి బస్తాలు కొరుకుతున్నాయని, వాటిని ఏరేస్తానని తుపాకీ తెచ్చాడట. పాలేరు కొడుకు, పదేళ్ళ పిల్లవాడు, కొట్టిన దాన్ని తెచ్చి చూపించే పనిలో వున్నాడు. మేము చూసేసరికి వాడి చేతిలో రెండు వుడతలు, ఒక రామచిలుక, ఒక్క ఎలుక. ఆ ఎలుక కూడా చుంచు.

దొడ్లో పేడ ఎత్తుతున్న ఒక స్త్రీ మమ్మల్ని చూసి తట్ట దించింది. ‘‘పొద్దుటి నుంచీ యిదే పనన్నా. పిల్లకాయలు తిరిగే దొడ్డి. ఆ గుండు రాయికి తగిలి యెటు పోద్దో యెవరికి తెలుసు? చెప్తే, యిది ఆటవస్తువే, యేం కాదంటాడు’’ అంది.

ఆటవస్తువు అనే మాట దగ్గర కొంచెం ఆగుదాం. ఈ తుపాకీలో మందు వుండదు, నిజమే. స్ప్రింగు బిగించి, లేదా గాలిని నొక్కిపెట్టి, ఆ వూపుతో సీసపు గుండును తోస్తుంది. గుండు అర గ్రాము బరువుండే చిన్న ముక్క. అయితే దగ్గర్లో అది ఎలుక పుర్రెను చీల్చగలదు. మనిషి కంట్లో పడితే కన్ను పోతుంది. గట్టి రాయికో ఇనుప రేకుకో తగిలితే వెనక్కి తన్నుతుంది. మన దేశంలో 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్ల గొట్టంతో, 20 జౌల్స్‌కు మించని శక్తితో వుండే ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. డబ్బులుంటే చాలు, కొనుక్కోవచ్చు. కానీ తుపాకీకి లైసెన్సు అక్కర్లేదంటే దాంతో దేన్ని కొట్టినా తప్పు లేదని కాదు. రామచిలుకను చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఈ సంగతి మేము చెబితే కుర్రాడు, ‘‘జామకాయలన్నీ కొరికి పారేస్తున్నాయండీ’’ అన్నాడు. తప్పు చేశానన్న బెదురు వాడి మొహంలో యెక్కడా లేదు.

అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో ఈ ఆటవస్తువు దెబ్బకి పిట్టల సవ్వడి తగ్గిపోయిందని గుర్తించి, 2021 మార్చిలో ఎయిర్‌గన్‌లు అప్పగించమని జనానికి ప్రభుత్వం పిలుపు యిచ్చింది. జనం వేల సంఖ్యలో తెచ్చి అప్పగించారు. అక్కడివాళ్ళు వేటను తాతల నాటినుంచీ బతుకుతెరువుగా చేసుకున్నవాళ్ళు. వాళ్ళే దించేశారు. డాబా మీద కుర్చీ వేసుకున్నవాడికి దించడం యెందుకు కష్టమైందో!

సరే, పిట్టల సంగతి అలా వుంచి ఎలుకల సంగతికే వద్దాం. తుపాకీ వల్ల ఎలుకలు తగ్గుతాయా? ఆ ప్రశ్నకు జవాబు డాబా మీద దొరకలేదు. పొలం గట్టు మీద దొరికింది.

మమ్మల్ని ఒక కౌలు రైతు తన మడి దగ్గరికి తీసుకుపోయాడు. గట్టు మీద నుంచి చూస్తే చేను నిండుగా, పచ్చగా వుంది. ‘‘బాగానే వుందిగా’’ అన్నాం. అతను చెప్పులు విప్పి, పంచె యెగగట్టి, మమ్మల్ని చేలోకి దింపాడు. పది అడుగులు లోపలికి వెళ్ళాక చూస్తే చాప పరిచినట్టు దుబ్బులు పడి వున్నాయి. కత్తితో ఏటవాలుగా తెగ్గొట్టినట్టు మొదలు కొరికి వున్నాయి. ఎలుక చేలో అంచులు వదిలేసి నడిమి తింటుంది. అందుకే గట్టు మీద తిరిగే ఆసామికి కోతల దాకా నష్టం తెలియదు. తెలిసేసరికి కౌలు మాత్రం కట్టాల్సిందే. ‘‘ఎలుక తిన్నదాంట్లో ఆసామి వాటా లేదు బాబూ. కౌలు బస్తాల్లో ఒక్క గింజ తగ్గదు’’ అన్నాడతను.

చుట్టూ గట్లు చూశాం. కలుగులే కలుగులు. కొన్నిటి ముందు కొత్తగా తవ్విపోసిన మట్టి కుప్ప. కొత్త మట్టి వుంటే లోపల ఎలుక వున్నట్టు. సాలెగూడు పట్టివుంటే ఖాళీ. ఈ తేడా మాకు చెప్పింది ఆ రైతు కాదు. అప్పుడే చేలకు అడ్డంపడి వస్తున్న ఒక ముసలాయన చెప్పాడు. భుజాన కావడి. కావడికి రెండు వైపులా వెదురు బుట్టలు. వెనకే ఆయన భార్య, చేతిలో నల్లబడ్డ కుండ. యానాదులు.

మేము ‘‘తాతా, కాస్త కూర్చో’’ అంటే ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని బుట్టలు చూపించాడు. లోపల నాలుగు గింజలు వేస్తాడు. ఎలుక తల దూర్చి గింజ లాగగానే వంచిపెట్టిన వెదురు బద్ద విల్లులా తన్నుకుని తాడు మెడకు బిగుసుకుంటుంది. సాయంత్రం పెట్టి తెల్లవారి తీస్తారు. యింతే యంత్రం. కానీ బుట్ట యెక్కడ పెట్టాలో తెలియడంలోనే వుంది విద్యంతా. ఎలుక రోజూ ఒకే దారిన నడుస్తుంది. ఆ దారి మనకు కనబడదు. ఆయనకు కనబడుతుంది. నలిగిన గడ్డి, రెట్ట, తడి మట్టి మీద తోక గీసిన గీత — ఇవన్నీ ఆయన మనం పత్రిక చదివినట్టు చదువుతాడు.

‘‘తుపాకీతో కొడితే పోవా తాతా?’’ అని అడిగాం.

ఆయన నవ్వాడు. ‘‘తుపాకీకి కనబడేదెంత అయ్యా? అది పగటిది. ఎలుక రాత్రిది. తుపాకీ ఒక్కదాన్ని కొట్టేలోపు పక్క కలుగులో ఆరు పుడతాయి.’’

ఆ మాట లెక్కకు నిలిచేదే. మన డెల్టా గట్లలో కలుగు తవ్వే చిన్న పందికొక్కు మూడు వారాలు మోసి, కాన్పుకు సగటున ఆరేడు పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు మూడు నెలల్లో మళ్ళీ పిల్లల తల్లులు. దానితో పాటు మెత్తటి బొచ్చు పొలం ఎలుక వుంది, చిట్టెలుక వుంది. ఒక వామి దగ్గర ఒకటీ అరా కొట్టినంత మాత్రాన ఖాళీ పడ్డ చోటికి పక్కవి వచ్చి చేరతాయి. ఒక్క రైతు తన ఎకరంలోనే పట్టించినా అంతే. ఎలుకకు సరిహద్దు రాయి లేదు. వూరంతా ఒకే వారంలో పట్టించాలి. అదీ పంట చిరుపొట్టకు రాకముందే, తిండి తక్కువగా వున్నప్పుడే. పొట్ట నిండా పాలు పట్టాక ఎలుకకు ఎరతో పనేముంది? పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధనా స్థానంలో యేళ్ళ తరబడి ఎలుకల మీద పని జరిగింది. వాళ్ళు చెప్పేదీ యిదే. గట్లు సన్నగా వుంచండి, కలుపు పెరగనీయకండి, అందరూ కలిసి ఒకేసారి చెయ్యండి. మన రైతు సంఘాలు వూరూరా పట్టుకోవలసిన పని యిది. ఒక్కొక్క డాబా మీద ఒక్కొక్క తుపాకీతో తేలదు.

యిక కుండ సంగతి. ముసలామె మాకు చూపించింది. కుండ అడుగున చిన్న బెజ్జం. లోపల వరిగడ్డి కుక్కి నిప్పు పెట్టి, మూతి భాగాన్ని కలుగుకు ఆనించి, మట్టితో చుట్టూ మెత్తి, అడుగు బెజ్జంలో నోరు పెట్టి వూదుతుంది. పొగ కలుగంతా పాకుతుంది. పక్క బొక్కల్లోంచి పొగ చిమ్మితే వాటిని మూసేస్తారు. పొగకు తాళలేక ఎలుక వూపిరాడక పడిపోతుంది, లేదా బయటికి దూకుతుంది. ఆ తర్వాత గునపంతో తవ్వి తీస్తారు. కలుగులో ఎలుక దాచుకున్న వరి కంకులుంటాయి. అవి తవ్వినవాళ్ళవే అన్నది పాత ఆనవాయితీ. ఎలుకను కాల్చి కూర వండుకుంటారు. ఒకే పనిలో రైతుకు పంట, పట్టినవాళ్ళకు గింజ, కూర.

మేము కుండలో వూదబోతే ఆమె వద్దంది. ‘‘మీకు పొగ పొలమారుద్ది బాబూ, అలవాటు లేదు’’ అంది. అలవాటైన ఆమె కళ్ళు యెర్రగా, నీరు కారుతూ వున్నాయి. మాట మాటకీ దగ్గుతోంది. తమిళనాడులో ఇరుళ్ళదీ యిదే పని, యిదే కుండ. అక్కడ చేత్తో తిప్పే పొగయంత్రాలు కొన్ని కుటుంబాలకైనా అందాయి. నోటితో వూదే పని తప్పింది. చేత్తో తిప్పే చిన్న పంకా, ఒక డబ్బా, ఒక గొట్టం. మన వైపు ఈ ముసలామె దాకా అది రాలేదు.

కలుగులో ఎలుక ఒక్కటే వుండదు. ఎలుక వున్నచోటికి పాము వస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి. చెయ్యి పెట్టేవాడికి లోపల యేముందో తెలియదు. ముసలాయన కుడిచేతి వేలు ఒకటి వంకరగా, యెండిపోయి వుంది. ‘‘పింజరి’’ అన్నాడు, అంతే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్ళు సుమారు 12 లక్షలు. అంటే యేడాదికి సగటున 58 వేలు. ఆ చావులు యెక్కువగా వున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతం వుంది. చచ్చేవాళ్ళలో యెక్కువమంది పల్లెల్లో పొలం పనులు చేసుకునేవాళ్ళు. 2030 నాటికి ఈ చావుల్ని సగానికి తగ్గిస్తామని 2024లో కేంద్రం కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళిక ఢిల్లీలో వుంది. మందు మండలం ఆసుపత్రిలో వుందా, రాత్రి పదింటికి పోతే వేసే డాక్టరున్నాడా, అన్నది గట్టు మీది మనిషికి కావలసిన సంగతి.

తుపాకీ కాదు, బుట్ట కాదు, మందు పెట్టేస్తే పోలేదా అనేవాళ్ళున్నారు. ఆ మందు యెవరు కలుపుతున్నారో చూడాలి. జింకు ఫాస్ఫైడు అనే నల్లపొడిని నూకల్లో, నూనెలో కలిపి ఎర పెట్టిస్తారు. అది విషవాయువు పుట్టించే మందు. దానికి విరుగుడు లేదు. కర్రతో కలపాలి, చేతులకు తొడుగులుండాలి, గాలి వాలు చూసుకోవాలి, పని కాగానే చేతులు సబ్బుతో కడగాలి. మేము ఆ వూళ్ళో పదిమంది కూలీలను అడిగాం. తొడుగులు యిచ్చారా? ఒక్కరికీ యివ్వలేదు. ‘‘చేత్తోనే పిసికాం. యిచ్చిన డబ్బాకి మూత కూడా లేదు. మిగిలింది యింటికి తీసుకుపొమ్మన్నారు’’ అంది ఒకామె. యింటికి! చూరులో పెడితే పిల్లలు అందుకోరా? మిగిలిన మందును ఆసామే వెనక్కి తీసుకుని భద్రపరచాలి. కూలీ యింటికి పంపకూడదు. యిది అడగడానికి యే చట్టమూ చూడక్కర్లేదు.

బ్రోమాడయోలోన్ అనే రెండో మందు నెమ్మదిగా పనిచేస్తుంది. దానికి విటమిన్ ‘కె’ విరుగుడు వుంది కాబట్టి మనిషికి కొంత మేలు. కానీ దాన్ని తిన్న ఎలుక చావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా మగతగా తిరుగుతుంటే గుడ్లగూబ పట్టుకుంటుంది, పిల్లి తింటుంది. ఆ విషం వాటికీ యెక్కుతుంది. రాత్రంతా ఉచితంగా ఎలుకల్ని పట్టే గుడ్లగూబను మనమే చంపుకున్నట్టు. యిక యానాది వాళ్ళ సంగతి? మందు పెట్టిన పొలంలో దొరికిన ఎలుకను తినడానికి వీల్లేదు. కూలి పోయింది, కూర కూడా పోయింది. ‘‘మందు పెట్టామని ముందే చెబితే మేము దిగం. చెప్పరు. దిగాక చెబుతారు’’ అన్నాడు ముసలాయన.

కూలి విషయం చూద్దాం. యానాదికి రోజు కూలి యివ్వరు. తోకకింత. తెల్లవారి బుట్టలు తీసి, తోకలు కోసి గట్టు మీద కుప్ప పోస్తే ఆసామి లెక్కపెడతాడు. వాన పడి ఎలుక బయటికి రాకపోతే తోక లేదు, తోక లేకపోతే కూలి లేదు. తోక తెగి రెండు ముక్కలైతే ఒకటే లెక్క. పిల్ల ఎలుక తోక ‘చిన్నది’ అని పక్కన పడేస్తారు. రాబోయే పంటను తినబోయేది ఆ పిల్ల ఎలుకే కదా! ముక్కరేటు పనికి కూడా కనీస కూలి కట్టాలన్నది 1948 కనీస వేతనాల చట్టం నాటినుంచీ వున్న మాట. ఎలుక తోకల దగ్గరికి ఆ మాట యింతవరకు చేరలేదు.

యీ లెక్క జరుగుతుండగానే తుపాకీ కుర్రాడు మోటారు సైకిలు మీద వచ్చి గట్టు పక్కన ఆగి, ‘‘ఒరేయ్, ఎన్ని పడ్డాయిరా?’’ అన్నాడు. తాత వయసు మనిషిని. ఆయన లేచి నిలబడి, ‘‘యిరవై రెండు బాబుగారూ’’ అన్నాడు. డాబా మీద ఒక సాయంత్రానికి ఒక చుంచు. గట్టు మీద, రెండు బారల వెదురుతో, యిరవై రెండు. ‘ఒరే’ ఎవరికి, ‘గారూ’ ఎవరికి?

చరిత్ర కూడా కాస్త చూడాలి. ఒకప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా పాకింది. యానాదుల్లో కొందరిని కూడా ఆ ముద్ర కింద చేర్చి, పోలీసుల దగ్గర హాజరు వేయించారు. వూరు విడిచి పోవాలంటే చీటీ కావాలి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ళకు గానీ, 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. నెల్లూరు తీరంలో శ్రీహరికోట దీవిలో అడవిని నమ్ముకుని బతికిన యానాదులను రాకెట్ కేంద్రం కోసం 1970 ప్రాంతంలో ఖాళీ చేయించారు. తుపాకీ పట్టినవాడికి నేడు లైసెన్సు అక్కర్లేదు. గునపం పట్టినవాడు నిన్నటిదాకా హాజరు పలకవలసి వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో యానాదులు అయిదు లక్షలకు పైగా వున్నారు. విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగలన్నిటిలో పెద్ద తెగ వాళ్ళదే. వాళ్ళ విద్య మీద ఆధారపడి యెన్ని ఎకరాల వరి ఒడ్డెక్కిందో ఎవరూ లెక్క కట్టలేదు.

ఒక దారి పక్కనే వుంది. మద్రాసుకు దక్షిణాన వడనెమ్మేలిలో ఇరుళ్ళకు 1978లో పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పెట్టారు. అంతకు ముందు వాళ్ళు పాములు పట్టి తోళ్ళు అమ్ముకునేవాళ్ళు. తోళ్ళ వ్యాపారాన్ని ప్రభుత్వం ఆపగానే బతుకు పోయింది. సంఘం పెట్టాక, పట్టిన పాముల నుంచి విషం పిండి, పాముల్ని తిరిగి వదిలేసే పని వాళ్ళ చేతికి వచ్చింది. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతోంది. 2023లో ఇద్దరు ఇరుళ్ళకు, వడివేల్ గోపాల్‌కు, మాసి సడయన్‌కు పద్మశ్రీ వచ్చింది. ఏ విద్యను చూసి జనం ముఖం తిప్పుకున్నారో ఆ విద్యే దేశానికి పనికి వచ్చింది. ఎలుకలు పట్టే యానాదులకు అలాంటి సహకార సంఘం యెందుకు వుండకూడదు? పంచాయతీతో సీజను ఒప్పందం, ఎకరానికింత రేటు, తోక లెక్క కాదు. బూట్లు, చేతి తొడుగులు, టార్చి లైటు, పొగయంత్రం. పాముకాటు బీమా. మందు పెట్టే పొలం యేదో ముందే చెప్పే కట్టడి. వీటిలో ఏదీ అందని పండు కాదు. వ్యవసాయ కార్మిక సంఘం, కౌలు రైతుల సంఘం కలిసి కూర్చుంటే వచ్చే దాళ్వాలోనే ఒక వూళ్ళో మొదలుపెట్టవచ్చు. ఇక్కడ కూలీకి, కౌలు రైతుకు తగువు లేదు. ఎలుక తింటే యిద్దరూ నష్టపోతారు.

ఈ మాట మేము ఆ రాత్రి మాలపల్లె అరుగు మీద కూర్చుని అన్నాం. కౌలు రైతు వెంటనే, ‘‘ఎకరానికింత అంటే ఆసామి కూడా సగం వెయ్యాలి’’ అన్నాడు. పేడ ఎత్తిన స్త్రీ, ‘‘ఆ చేతి తొడుగులు ముందు తెప్పించండి, తర్వాత సంఘం’’ అంది. ముసలాయన మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ‘‘తోక లెక్క పోద్దా అయ్యా?’’ అని అడిగాడు. పోగొట్టాలి అన్నాం. పోతుందని మాటివ్వలేకపోయాం.

తెల్లవారుజామున మేము బస్సుకు నడుస్తుంటే, మంచులో ఆయన, ఆమె, మనవడు ముగ్గురూ గట్టు మీద వరసగా బుట్టలు తీస్తున్నారు. మనవడి చేతిలో కుండ లేదు, పుస్తకాల సంచి వుంది. బడికి పోయేలోపు బుట్టలు మోసిపెడతాడట. మమ్మల్ని చూసి ముసలాయన చెయ్యి వూపి, ‘‘కోతలయ్యాక దాళ్వాకి కాలవ వదులుతారు. అప్పుడు గట్టు మెత్తబడుద్ది, కొత్త కలుగులు పడతాయి. అప్పుడు రండి. చేతొడుగులు మరిచిపోమాకండి’’ అని కేక వేశాడు.